టికెట్టు మీద వేలు

మా తమ్ముడి కూతురు నస్రీన్‌కు కర్నూలులో ఒక వార్తల చానెల్లో ఉద్యోగం వచ్చింది. పండుగలకు వచ్చే కొత్త సినిమాలు ముందుగా చూసి, ఏది చూడదగ్గదో ఏది కాదో ఫోన్లలో జనానికి చెప్పడం దాని పని. పోయిన వారం ఈ మేనత్తకు ఫోన్ చేసి, “ఫుప్పూ, ఈ దసరాకు నాలుగు సినిమాలు వస్తాండాయి. నాలుగింటికీ స్టార్లియ్యల్ల. ఎట్ల ఇయ్యల్లో చెప్పు,” అంది.

“నా మొహం, స్టార్ల సంగతి నాకేం తెలుసే?” అన్నాను.

“ముప్పై ఏండ్లు ఆ కౌంటర్లో కూసున్నావు గదా. నీకు తెలీకపోతే ఇంగెవురికి తెలుస్తాది?”

పిల్ల అడిగిన దాంట్లో తప్పేం లేదు. రాయచోటిలో ఒక సినిమా థియేటర్లో ఆడవాళ్ల కౌంటర్‌ నాది. పెళ్లైన మూడేళ్లకు చేరాను, మోకాళ్లు మొరాయించేదాకా చేశాను. నేను దిగిపోయాక ఆ కౌంటర్‌కు చెక్క కొట్టేశారు. ఇప్పుడు టికెట్లు ఫోన్లో వస్తాయి. నా పేరు మహబూబ్‌బీ అయినా ఊళ్లో ఆడవాళ్లందరికీ మాబక్కనే. నస్రీన్‌కు ఫోన్లో చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను. దానిలాగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలూ, మీరు కూడా చదువుకుంటే చదువుకోండి, లేదంటే మీ ఇష్టం.

చెప్పుల కోసం వెతకడం

నా ఉద్యోగం టికెట్లు చింపి ఇవ్వడం. అసలు పని మాత్రం అది కాదు. ఆడవాళ్ల వరుసకు అడ్డంగా ఒక గోడ, ఆ గోడలో చెయ్యి పట్టేంత కంత. అవతల నిలబడిన మనిషి నాకు కనబడదు. చెయ్యి మాత్రం లోపలికి వస్తుంది. గోరింటాకు పెట్టుకున్న చెయ్యి, పిండి అంటిన చెయ్యి, టమోటా కోతల్లో గోళ్లు నల్లబడిన చెయ్యి. ఆ చెయ్యి వెనకనుంచి ఒకటే ప్రశ్న: “మాబక్కా, చూడచ్చునా?”

అడగరా మరి? చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లకు ఏడాదికి ఒక సినిమా. దసరాకో, రంజాన్‌కో, ఉగాదికో. మొగుణ్ణి ఒప్పించి, అత్తను ఒప్పించి, బర్రెల్ని పక్కింటి వాళ్లకు అప్పజెప్పి, బస్సెక్కి వస్తారు. ఊళ్లో మూడు థియేటర్లు, మూడింటిలో మూడు కొత్త సినిమాలు. తప్పుదాంట్లో దూరితే మళ్లీ ఏడాదిదాకా ఇంకోటి లేదు. ఆ మూడు గంటలూ పాడైతే ఎవరు తిరిగిస్తారు?

అందుకని నేను తెలుసుకోవలసి వచ్చింది. మా సినిమా సగమైనా చూసేదాన్ని, వెనక తలుపు దగ్గర నిలబడి. తక్కినవి మాత్రం సరోజమ్మ చెప్పేది. ఆమె బస్టాండు పక్క థియేటర్లో నాలాగే ఆడవాళ్ల కౌంటర్లో కూర్చునేది. మా యజమానులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు. మేము మాత్రం మధ్యాహ్నం ఒకే టీ అంగడి వెనక కూర్చుని అన్నం తినేవాళ్లం.

సరోజమ్మ నేర్పిన గుర్తు ఒకటుంది, నస్రీన్. ఇంకో పావుగంట సినిమా ఉందనగా ఆడవాళ్లు కాళ్లతో చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టినారా, ఆ సినిమా పోయినట్టే. లైట్లు వెలిగాక కూడా కూర్చునే ఉండి, అప్పుడు వంగి చెప్పులు వెతికితే బాగున్నట్టు. తెల్లవారి ఆటకు వచ్చి ఈలలేసి కాగితాలు చల్లేవాళ్లను చూసి ఏమీ రాయొద్దు. వాళ్లు పండుగ చేసుకోవడానికి వచ్చినవాళ్లు, సినిమా చూడటానికి కాదు. నువ్వు వెళ్లి మ్యాట్నీలో ఆడవాళ్ల మధ్య కూర్చో. కిందికి చూడు.

వేలు

మా యజమాని ఓబులయ్య. వక్కాకు నమిలే మనిషి, మాట తక్కువ. ఆయన కుర్చీ సరిగ్గా నా వెనకే. చేరిన రోజే చెప్పాడు: “చూడు మాబమ్మా, మన సినిమాను గురించి నువ్వు నోరు తెరవగూడదు. టికెట్టు అడిగితే టికెట్టియ్యి.”

సరేనన్నాను. నోరు తెరవలేదు కూడా. కానీ ఒక రంజాన్ నాడు ఒక చెయ్యి లోపలికి వచ్చింది. వేళ్లు ఉబ్బి ఉన్నాయి, గాజులు మణికట్టు దగ్గర బిగుసుకుని ఉన్నాయి. నెలలు నిండిన పిల్ల అని అర్థమైంది. లోపల మా సినిమాలో మొదటి అరగంటలోనే కడుపుతో ఉన్న ఆమెను నరుకుతారు. టికెట్టు చింపి కంత దగ్గర పెట్టాను. కానీ దాని మీదనుంచి నా చూపుడు వేలు తియ్యలేకపోయాను. ఆ పిల్ల లాగింది. నేను వదల్లేదు. మళ్లీ లాగింది. చివరికి వంగి కంతలోంచి నా మొహం చూసింది. వద్దన్నట్టు తల ఊపాను. చెయ్యి వెనక్కి పోయింది.

అంతే. ఆ ఏడాది తిరిగేలోపు ఊరి ఆడవాళ్లందరికీ తెలిసిపోయింది. మాబక్క వేలు తీస్తే సినిమా చూడొచ్చు, తీయకపోతే వేరే థియేటర్‌కు పోవాలి. వేలు సంగతి ఎవరూ నన్ను అడగలేదు, నేను ఎవరికీ చెప్పలేదు. వెనక ఓబులయ్య వక్కాకు నములుతూనే ఉన్నాడు, నా నోరు మూసుకునే ఉంది. లోలోపల నాకు గర్వంగా ఉండేది. ఊరందరికీ నేనే దారి చూపుతున్నట్టు ఫీలయ్యేదాన్ని. అల్లా నన్ను క్షమించాలి, ఆ గర్వమే నా చేత తప్పు చేయించింది.

గంగమ్మవ్వ

అప్పట్లో ఒక దసరాకు మా థియేటర్లో పడిన సినిమా శుద్ధ దండగ. కథ లేదు. పెద్ద హీరో, ఆరు పాటలు, మధ్యలో తన్నులాటలు. పండుగ మొదటి రోజునుంచీ నా వేలు టికెట్ల మీదనుంచి లేవలేదు. సరోజమ్మ థియేటర్లో మాత్రం మంచి సినిమా పడింది. ఒక తల్లి కథ. చూసినవాళ్లందరూ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చారు.

రెండో రోజు మ్యాట్నీకి ఒక చెయ్యి వచ్చింది, దాని వెనకే మొహం కూడా వంగింది. సావిత్రి అని, వేంపల్లె దారిలో ఒక పల్లెనుంచి ప్రతి ఏడాదీ వచ్చే కోడలు పిల్ల.

“అక్కా, మా యత్తను పిల్చకొచ్చినా. ఆ యమ్మకు చూపు పోతాండాది. ఇంగ బాగుచేసేది ల్యాదని కండ్ల డాక్టరు చెప్పినాడు. ఉన్న చూపు ఉండగానే ఒక్క సినిమా చూపియ్యల్లని. ఇదే కడాది. ఏది చూపియ్యల్ల?”

నేను లేచి కౌంటర్ పక్కనున్న కిటికీలోంచి చూశాను. గోడవారన ఒక ముసలామె నీలం చీరలో నిలబడి ఉంది. పోస్టర్‌కు మొహం ఆనించినంత దగ్గరగా పెట్టి, పైనుంచి కిందికి చూస్తోంది. పేరు గంగమ్మ. 

నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. మా టికెట్టు మీద వేలు అదిమి, బస్టాండు వైపు చెయ్యి చూపించాను. సావిత్రి దండం పెట్టి వెళ్లిపోయింది. కడపటి సినిమా మంచిది చూడాలి గదా అనుకున్నాను. ఆ మధ్యాహ్నమంతా నా మీద నాకే ముద్దొచ్చింది.

సాయంత్రం అయిదున్నరకు సరోజమ్మ టీ అంగడి వెనకకు వచ్చింది. మొహం బాగాలేదు.

“ఏం మే, ఆ ముసిలామెను నా కాడికి నువ్వేనా తోలింది?”

“అవును. బాగ చూసిందా?”

“ఏం చూస్తాది నా తలకాయ! సినిమాలో సగానికి సగం రాత్రే గదా. గుడిసె, గుడ్డి దీపం. ఆ యమ్మకు ఏమీ కనపళ్లే. ‘ఏం జరుగుతాంది మే, ఏం జరుగుతాంది’ అని కోడల్ని అడుగుతానే ఉంది. చివరికి ఏమనిందో తెల్సా? ‘సినిమా జూస్తాండగానే నా కండ్లు పూర్తిగా పోయినాయి మే, పోదాం పా’ అనింది. ఇద్దరూ ఏడ్సుకుంటా బస్టాండుకు పోయినారు.”

 ముందురోజు సరోజమ్మ పిలిస్తే పోయి ఆ సినిమాను నేను కూడా అరగంట చూశాను. చీకటి నాకూ కనిపించింది. కానీ నాకున్నవి మంచి కళ్లు. కథ బాగుందా, ఏడుపు వచ్చిందా, తల్లి పాత్ర బాగా చేసిందా, ఇవే చూశాను. తెర మీద వెలుతురుందా అని చూడాలని నా బుర్రకు తట్టలేదు. చూపు పోతున్న మనిషి చూడటానికి వచ్చిందని చెప్పినా తట్టలేదు.

ఇంకో గంటలో ఫస్ట్ షో. పండుగ జనం అప్పుడే గోడ పొడవునా నిలబడ్డారు. నేను కౌంటర్లోకి వెళ్లి టికెట్ల పుస్తకం మూసి బయలుదేరాను.

“యాడికి పోతాండావు?” అన్నాడు ఓబులయ్య.

ఆ క్షణంలో అబద్ధం నోటికి రాలేదు. వేలు సంగతి, ముసలామె సంగతి, అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. ఆ అవ్వ బస్సెక్కి ఇంటికి పోతే, ఇక తన కళ్లు లేవనే నమ్మి మూసుకుంటుంది. ఉన్న కాస్త చూపుతో ఇంకేదీ చూడదు. అది నా వల్లే.

ఓబులయ్య వక్కాకు ఉమ్మి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. “పో. నేను చూసుకుంటా.”

ఆ సాయంత్రం ఆడవాళ్ల కౌంటర్లో వెంట్రుకల చెయ్యి చూసి ఆడవాళ్లు గోల చేశారట. “మాబక్కా, నీ చేతికేమాయనే!” అని ఒకామె అరిచిందని వాచ్‌మన్ తర్వాత చాలా రోజులు చెప్పి నవ్వాడు.

బస్టాండులో గంగమ్మవ్వ కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుని ఉంది. పక్కన సావిత్రి ముక్కు చీదుతోంది.

“అవ్వా, కండ్లు తెరువు,” అన్నాను.

“తెరిస్తే ఏముండాది మే. దీపమారిపాయ.”

“ఆరలే అవ్వా. ఆ సినిమానే చీకటి. తప్పు నాది. మా దాంట్లోకి రా, ఒక్క పాట చూడు. కనపడకపోతే నేనే నిన్ను మీ ఊరిదాకా దిగబెడతా.”

“వద్దు మే. ఒగసారి పోయింది చాలు. మళ్లా పోగొట్టుకోమంటావా?”

 ఆమె కాళ్ల దగ్గరే కూర్చుని ఏడ్చాను. అవ్వ చేత్తో తడిమి నా తల పట్టుకుంది. “ఎవురు మే నువ్వు, పండగ పూట నా కోసరం ఏడుస్తాండావు?” అంది. నా మొహం తుడిచి, “పా అయితే,” అని లేచింది.

పచ్చటి చేను

ఓబులయ్య నేల తరగతికి ముందు, తెరకు అయిదారు అడుగుల దూరంలో రెండు కుర్చీలు వేయించి పెట్టాడు. ఈలలేసే పిల్లలంతా వెనకనుంచి అరిచారు. ఆయన ఒక్కసారి తిరిగి చూశాడు, అంతే.

మొదటి పాట పొద్దుతిరుగుడు చేన్లో. తెర అంతా పసుపు. నేను వద్దన్న ఆ సినిమాలో, నేను దండగ అన్న ఆ పాటలో, మధ్యాహ్నపు ఎండ, మనిషి మొహమంత పూలు. హీరో, హీరోయిన్ వాటి మధ్య ఎగురుతున్నారు.

అవ్వ ముందుకు వంగింది. నోరు తెరుచుకుంది.

“పొద్దుతిరుగుడు మే!” అంది. “సావిత్రీ, పొద్దుతిరుగుడే! ఎవురి చేనో, ఎంత బాగ పూసింది!” నా చెయ్యి దొరకబుచ్చుకుని పిసికేసింది. “ఉండాది మే. చూపుండాది. మా చేను గూడ ఒక ఏడు అచ్చం ఇట్లే పూసింది. బోరు ఎండిపోయినాక ఇంగ పూత ల్యా.”

నాకు మళ్లీ ఏడుపొచ్చింది. అవ్వ ఏడవలేదు. ఆమెకు కోపం వచ్చింది.

“ఆ పిల్లోడెవురు మే, చేనంతా తొక్కుతాండాడే! చెప్పేటోళ్లు లేరా?”

వెనక బెంచీల్లో పకపక నవ్వారు. పాట అయిపోయేదాకా ఆమె హీరోను తిడుతూనే ఉంది. తక్కిన కథ ఆమెకూ పట్టలేదు, నాకూ పట్టలేదు.

ఆ పూటకు ఇద్దరినీ మా ఇంట్లోనే ఉంచాను. తెల్లవారి పది గంటలకు ఓబులయ్య కబురు పెట్టాడు. వెళ్లేసరికి ఆపరేటర్ ఆ పాట ఉన్న రీలు ఒక్కటి ఎక్కించి సిద్ధంగా ఉన్నాడు. ఖాళీ హాల్లో ఆ అవ్వ ఒక్కదాని కోసం ఆ పాట మళ్లీ ఆడింది. యజమాని కూడా తలుపు దగ్గర నిలబడి చూశాడు.

వాళ్లను బస్సెక్కించి వచ్చాక ఆయన ముందు నిలబడ్డాను, ఏ శిక్ష వేస్తాడో అని.

“నీ వేలు సంగతి నాకు మూడేండ్లుగా తెల్సు,” అన్నాడు.

“మరి ఎందుకు ఊరకుండినారన్నా?”

“నువ్వు వద్దన్న సినిమాకు రానోళ్లు, నువ్వు రమ్మన్న సినిమాకు వీధి వీధినంతా పిల్చకొస్తాండారు. నాకేం నష్టం? కానీ మాబమ్మా, నీకొకటి చెప్తా. చెయ్యి చెయ్యికీ ఒకే వేలు పెడితే ఎట్ల? ఎవురొచ్చినారో చూడొద్దా?”

నా ముప్పై ఏళ్లలో ఏ పెద్దమనిషీ నాకు అంతకన్నా మంచి మాట చెప్పలేదు. ఆయన పిసినారి. జీతం పెంచమంటే చెవుడు వచ్చేది. అయినా ఈ ఒక్క మాటకు ఆయనకు రుణపడి ఉన్నాను.

ఆ తర్వాత

అప్పటినుంచి వేలు పెట్టే ముందు అడగడం నేర్చుకున్నాను. “ఎవురెవురు వచ్చినారు మే? ఎన్నాళ్లకొచ్చినారు?” ఇంటర్ పరీక్షలు తప్పిన నలుగురు ఆడపిల్లలు వస్తే, నాకు ఒళ్లు మండించిన కామెడీ సినిమాకే వేలు తీశాను. బయటికి వచ్చేటప్పుడు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు.

అయినా తప్పులు ఆగలేదు. కువైట్‌లో ఇంటిపనికి పోయిన ఒకామె కథతో ఒకసారి సినిమా వచ్చింది. మా ఊళ్లో ఏ వీధి చూసినా కువైట్ పోయినవాళ్లే. తల్లి అక్కడున్న ఒక పిల్ల టికెట్టుకు చెయ్యి పెడితే వేలు అదిమాను. “తియ్ అక్కా, నాకు ఏడవల్లని ఉండాది. ఇంట్లో ఏడిస్తే నాయన చూస్తాడు,” అంది. సిగ్గేసి వేలు తీశాను. అందరూ నవ్వడానికే రారు. మనిషికి ఏడవడానికి కూడా ఒక చోటు కావాలి.

కాబట్టి నస్రీన్, స్టార్లు ఇవ్వొద్దని నేను అనను, నీ పై అధికారి ఊరుకోడు కూడా. ఇచ్చుకో. కానీ వాటి కింద నాలుగు మాటలు రాయి. చంటిపిల్లలు దడుసుకుంటారా? ముసలివాళ్లకు అక్షరాలు కనబడతాయా? చీకటెంత, వెలుతురెంత? ఈ మధ్య బిడ్డను పోగొట్టుకున్న తల్లి కూర్చోగలదా? నీకు నచ్చిందా లేదా అన్నది చివర్లో చెప్పు. ఎక్కువమందికి దాంతో పని లేదు.

ఆ రోజు ఇందులో కొంచెం చెప్పేసరికే నస్రీన్ ఫోన్లో నవ్వి, “అవునుగానీ ఫుప్పూ, ఆ పొద్దుతిరుగుడు సినిమాకు నువ్వైతే ఎన్ని స్టార్లిస్తావు?” అంది.

వారం తిరక్కుండా ఎత్తేశారు ఆ సినిమాను. రీళ్ల డబ్బాలు రాజంపేటకు పోయాయి, అక్కడా ఆడలేదు. దాని పేరు నాకిప్పుడు గుర్తు కూడా లేదు. స్టార్ల సంగతి నాకు తెలియదుగానీ, గంగమ్మవ్వ సంగతి తెలుసు.

ఆ మరుసటి ఏడాదికి ఆమె చూపు పూర్తిగా పోయింది. అయినా దసరాకు రావడం మానలేదు. సావిత్రి చెయ్యి పట్టుకుని వచ్చి, వరుసలో నిలబడి, తన చెయ్యే కంతలోకి పెట్టేది. టికెట్టు అందుకునేది కాదు ముందు. తడిమి, దాని మీద నా వేలుందా లేదా అని చూసేది. వేలుంటే పకాలున నవ్వి, “తియ్ మే, నాకేమన్నా కనపడతాదా యేంది!” అని దాన్ని పక్కకు నెట్టి టికెట్టు లాక్కునేది.

ఒక దసరాకు ఉండబట్టలేక అడిగేశాను. “అవ్వా, ఏ సినిమా వచ్చినా పోతాండావే. లోపల ఏం చేస్తావు మూడు గంటలు?”

ఆమె చెయ్యి కంతలో నా వేలు పట్టుకునే ఉంది.

“సినిమా యాదైతేనేం మే,” అంది. “లైట్లార్పి పాట పెడతారు గదా, అప్పుడు నా చేను నాకు కనపడతాది. ఆ పిల్లోడు గూడ ఇప్పుడు తొక్కడం ల్యా.”